కిటికీ దగ్గర, ఒక్కరికి

మార్సెయ్‌లో రాత్రి భోజనానికి ఎక్కడికి వెళ్లాలో నన్నడగండి, చెబుతాను. పాత రేవు చుట్టూ వరసగా ఉన్న హోటళ్లలో ఏది కొత్తవాళ్ల కోసం కాచుకుని కూర్చుంటుందో, ఏ సందులోకి మలుపు తిరిగితే అసలైన చేపల పులుసు దొరుకుతుందో, ఆ పులుసు కావాలంటే ముందురోజే ఎందుకు చెప్పి పెట్టుకోవాలో అన్నీ నాకు తెలుసు. రేవులో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక చిన్న పడవ తిరుగుతుంది. చుట్టూ నడిచే ఓపిక లేనివాళ్లు అదెక్కితే కొద్ది నిమిషాల్లో దిగిపోతారు. కొండమీది మేరీమాత గుడికి మెట్లెక్కొద్దు, బస్సుంది. రాత్రి మెట్రో ఆగిపోయాక ఇంటికెట్లా చేరాలో, ఏ కూడలిలో కుర్రకారు వీధిలోనే బల్లలు వేసుకుని పొద్దుపోయేదాకా పాటలు వింటూ కూర్చుంటారో కూడా చెబుతాను.

ఇంతా చేసి నేను ఆ ఊరు చూడలేదు. అది ఫ్రాన్సు దేశానికి దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంది. నేను గోదారి ఒడ్డున సారపాకలో, కాగితం మిల్లు వెనక వీధిలో, డాబా మీద రేకుల గదిలో ఉంటాను.

అదే నా ఉద్యోగం. హైదరాబాదులో ఒక కంపెనీ ఉంది. ఊళ్లు తిరిగేవాళ్లు ఫోన్లో ఏదో ఒకటి అడుగుతారు, మేం టైపు చేసి జవాబివ్వాలి. నా వాటాకు మార్సెయ్ వచ్చింది. అక్కడే పుట్టి పెరిగిన మనిషిలా రాయాలన్నది కంపెనీ షరతు. 'మా రేవు' అనాలి, 'మా వీధి చివర' అనాలి. ఎక్కణ్ణుంచి రాస్తున్నామో పొరపాటున కూడా బయటపడకూడదు. మొదట్లో నాకు తెగ నవ్వొచ్చేది. ఏన్కూరులో మిర్చి కల్లాల పక్కన ఘాటుకు తుమ్ముతూ పెరిగినదాన్ని, 'మా సముద్రపు గాలి సాయంత్రం చల్లగా ఉంటుంది, శాలువా తెచ్చుకోండి' అని రాయడమేమిటి! తర్వాత అలవాటైపోయింది. ఆ తర్వాత నవ్వు రావడం మానేసింది.

మా ఆయన మిల్లులో కాంట్రాక్టు మీద పని చేస్తాడు. ఎక్కువగా మధ్యాహ్నం షిఫ్టు పడుతుంది, రాత్రి పదింటికి దిగుతాడు. చెడ్డవాడేం కాదు. కరెంటు పోతే నా పని ఆగుతుందని తనే ఇన్వర్టర్ తెచ్చి పెట్టాడు. కాకపోతే ఈ ఉద్యోగం మాట ఎత్తిన రోజే ఒక గీత గీశాడు. "ఇంట్ల కూసోని చేసేదైతే చెయ్. బయట తిరుగుడు మొదలైతే మాత్రం బంద్." ఇంకెవరైనా అయితే ఆ మాటకు దెబ్బలాడేవారేమో. నేను మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాను. పెళ్లయ్యాక నాకు దొరికిన కిటికీ అదొక్కటే మరి, దాన్ని మూసుకునే ధైర్యం నాకు లేదు.

ఇక మా గేటు. దాని తాళంచెవి మా అత్తమ్మ నడుముకు ఉంటుంది. దీపాలు పెట్టే వేళకు గేటుకు తాళం పడుతుంది, కొడుకు షిఫ్టు దిగి వస్తేనే మళ్లీ తీస్తుంది. ఆమెననడానికీ లేదు. మా వీధి మొగదలే జామాయిల్ కర్ర లారీలు మిల్లులోకి పోవడానికి బారులు తీరి ఉంటాయి, డ్రైవర్లు చీకటి పడగానే సీసాలు తీస్తారు. వీధిలో అన్ని ఇళ్లూ అంతే, ఆడవాళ్లు లోపల, గేట్లకు తాళాలు. మామయ్య పోయిన దగ్గర్నుంచి అత్తమ్మ బయటికి వెళ్లేది రెండింటికే. ఆదివారం చర్చికి, శుక్రవారం పక్కవీధిలో ప్రార్థన కూటానికి. అది కూడా వెలుతురుండగానే.

మాకు చీకటి పడే వేళకు మార్సెయ్‌లో ఇంకా మధ్యాహ్నమే, ఎండ ఫెళ్లున కాస్తూ ఉంటుంది. ఇక్కడ కింద తాళం పడిన చప్పుడు వినబడగానే అక్కడివాళ్లు ఒక్కొక్కరే నిద్ర లేచినట్టు నన్ను అడగడం మొదలుపెడతారు. ఈ రాత్రి ఎక్కడ తిందాం, ఎక్కడ తిరుగుదాం, ఎట్లా వెనక్కి రావాలి? నాకు ఒళ్లు మండేది. మిల్లు పొగ వాసన మా రేకుల గదిలో గోడలకు కూడా పట్టేసింది. దాన్ని ముక్కుతో పీలుస్తూ, అక్కడివాళ్లందరినీ షికారుకు పంపడం నా పని.

ఒకరోజు అత్తమ్మ టీ తీసుకుని పైకొచ్చి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "గంత సేపు టిక్కుటిక్కుమని ఏం కొడతవే? ఏందంట వాళ్ల బాధ?"

"ఏం లేదత్తమ్మా. చేపల పులుసు ఎక్కడ మంచిగుంటదని అడుగుతున్నరు."

"చేపల పులుసా? అక్కడ గూడ ఉంటదా?"

ఉంటుందని చెప్పాను. ముందు పులుసు ఒక్కటే తెస్తారు, దాంట్లో కాల్చిన రొట్టెముక్కలు వేసుకుని తాగుతారు, తర్వాత చేపముక్కలు వేరే పళ్లెంలో వస్తాయి అన్నాను. అత్తమ్మ నోరెళ్లబెట్టింది.

"ముక్కలు వేరే, పులుసు వేరేనా? గదేం తినుడు! చింతపండెంత వేస్తరు?"

"చింతపండు వెయ్యరు. కుంకుమపువ్వు వేస్తరు."

"చేపలల్ల కుంకుమపువ్వా! వాళ్ల మొహం." కాసేపు నవ్వింది. ఆమె అంతసేపు నవ్వడం నేనప్పుడే చూశాను. ఆ రోజు నుంచి గేటుకు తాళం వేయగానే టీ గ్లాసులతో పైకొచ్చేది. వచ్చిన ప్రశ్నలు చదివి తెలుగులో చెప్పమనేది, నేనేం రాశానో కూడా చెప్పాలి. ఇంగ్లీషులోంచి తెలుగులోకి, తెలుగులోంచి ఇంగ్లీషులోకి తిరిగి తిరిగి నా తల ప్రాణం తోకకొచ్చేది. పడవ గురించి వస్తే మాత్రం ఆమె వదలదు. ఎంతమంది పడతారు, నడిపేవాడు మంచోడేనా, ఆడవాళ్లు ఎక్కుతారా, అన్నీ కావాలి. గోదారి ఒడ్డునే పుట్టిన మనిషి, వంతెన రాకముందు పడవల మాట వాళ్లమ్మ చెబితే వినడమే తప్ప తానెన్నడూ పడవెక్కలేదట.

వానాకాలం చివర్లో ఒకామె రాసింది. ఏదో చలిదేశం నుంచి ఒంటరిగా వచ్చింది. వయసు యాభై దాటిందని తనే చెప్పుకుంది. వచ్చిన దగ్గర్నుంచి హోటల్ గదిలోనే బిస్కెట్లు తిని పడుకుంటున్నానంది. పగలు తిరుగుతుందట, చీకటి పడితే మటుకు ఒక్కతీ హోటల్లోకి వెళ్లి కూర్చోవాలంటే కాళ్లు రావట. 'మీరైతే ఏం చేస్తారు?' అని అడిగింది.

నేనైతే! నేను అత్తమ్మ వైపు చూశాను. చదివి చెప్పాను.

"పాపం, బిస్కెట్లే తింటున్నదా?" అంది అత్తమ్మ. "అంత దూరం పోయింది గని ఏం లాభం. చెప్పు బిడ్డా, ఏదన్న ధైర్యం చెప్పు."

చెప్పాను. పుట్టినప్పటి నుంచి అదే పని చేస్తున్నదానిలా చెప్పాను. 'కిటికీ పక్క బల్ల అడగండి. ఒక్కరికే అని గట్టిగా చెప్పండి, క్షమాపణ చెప్పినట్టు చెప్పకండి. ఫోను బ్యాగులో పెట్టేయండి. తెచ్చింది వేడివేడిగా, నిదానంగా తినండి. బయట పోయేవాళ్లను చూడండి. మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు. కాసేపటికి మీరే మర్చిపోతారు.' అత్తమ్మకు తెలుగులో చెబితే ఆమె తలూపుతూ విని, "కిటికి కాడ కూసోమన్నవా, మంచిగ చెప్పినవ్" అంది.

మర్నాడు ఆ చలిదేశం ఆమె ఒక ఫోటో పంపింది. కిటికీ అద్దం, అవతల రేవులో పడవల దీపాలు, బల్ల మీద ఎర్రటి పులుసు గిన్నె, ఒకే ఒక చెంచా. 'మీ వల్లే వెళ్లాను. రెండు గంటలు కూర్చున్నాను. మీరూ ఇట్లాగే కూర్చుంటారు కదూ?' అని రాసింది.

'అవును, తరచూ' అని కొట్టాను. షరతు అదే కదా. ముప్పయ్యేళ్లు దాటాయి నాకు. హోటల్లో ఒక్కదాన్నే కూర్చుని టీ కూడా తాగలేదు. వంతెన దాటితే భద్రాచలం, మా డాబా మీద నిలబడితే ఆ ఊరి దీపాలు కనిపిస్తాయి. ఆ దీపాల కింద ఒక బల్ల దగ్గర, చీకటి పడ్డాక, ఒక్కదాన్నే కూర్చుని తినాలి. ఒక్కసారి. ఆ కోరిక ఆ రోజు పట్టుకుంది, ఇక వదల్లేదు.

నాలుగు రోజులకే అవకాశం ఛార్జర్ రూపంలో వచ్చింది. లాప్‌టాప్ ఛార్జర్ కాలిపోయింది. భద్రాచలంలో బాగుచేసే కొట్టుంది. మా ఆయన డ్యూటీకి పోతూ, "నువ్వే పోయి చేయించుకోని రా, పొద్దుగూకకముందే ఇంట్ల ఉండాలె" అన్నాడు. ఆ పూట సెలవు పెట్టి షేరాటో ఎక్కాను. నిండితే గానీ కదలనన్నాడు ఆటోవాడు. మార్సెయ్‌లో పడవ ఎన్నింటికి కదులుతుందో నిమిషాలతో సహా చెప్పగలను గానీ సారపాక ఆటో సంగతి నాకేం తెలుసు! ముగ్గురు ఆడవాళ్లు, ఒక సిలిండరు ఎక్కాక బయల్దేరింది. వంతెన కింద గోదారి ఎర్రగా, బరువుగా పోతోంది.

కొట్టతను ఛార్జర్ విప్పి చూసి ఆరింటికి రమ్మన్నాడు. ఆరింటికి వెళ్తే ఇంకాసేపన్నాడు. చేతికొచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఆటోల దగ్గరికి నడిచాను. నిజంగానే నడిచాను. ఆటో అడ్డా ఎదురుగా ఒక హోటల్, కింద అంతస్తులో రోడ్డు వైపు పెద్ద కిటికీ, దాని పక్కన ఖాళీ బల్ల. నా కాళ్లు ఆగిపోయాయి. పోతే ఉద్యోగం పోతుందని తెలుసు. ఇప్పుడు పోకపోతే ఇంకెప్పటికీ పోలేనని కూడా తెలుసు.

లోపలికి వెళ్లాను. గల్లా దగ్గరాయన తలెత్తి నా వెనక ఎవరొస్తున్నారా అని చూశాడు.

"ఎంతమందమ్మా?"

"ఒక్కదాన్నే."

"ఫ్యామిలీ రూము పైనున్నది, పోండ్రి."

కిటికీ దగ్గర కూర్చుంటానని చెప్పాల్సింది. ఎన్ని వందల మందికి రాసి ఉంటాను 'గట్టిగా చెప్పండి' అని! బుద్ధిగా మెట్లెక్కాను. పైన గళ్లు గళ్లుగా చెక్క అరలు, ఒక్కోదానికి మాసిన పరదా. సర్వర్ రెండు గ్లాసులు, రెండు పళ్లేలు పెట్టాడు. ఒకటి తీసేయమంటే, "సార్ రాడా?" అన్నాడు. రాడన్నాను. చేపల పులుసు, అన్నం చెప్పాను. పోతూ పోతూ పరదా లాగేసి వెళ్లాడు.

నేను తీశాను. నీళ్ల జగ్గు తెచ్చి, మళ్లీ లాగాడు. మళ్లీ తీశాను.

"అక్కా, మీకోసమే చెప్తున్న. అందరు చూస్తరు" అన్నాడు మెల్లగా. అతని ముఖంలో వెటకారం లేదు, మర్యాదే ఉంది. అందుకే ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. మర్యాదతో మూసేసేవాణ్ణి ఏమనాలి? ఆ అరలో ఎదురుగా చెక్క, పక్కన చెక్క, ముందు గుడ్డ. మా రేకుల గదికైనా ఒక కిటికీ ఉంది.

బ్యాగు తీసుకుని లేచాను. "కింద కిటికీ కాడ కూసుంట. గక్కడికే తీస్కరా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చకచకా మెట్లు దిగి, ఆ ఖాళీ బల్ల దగ్గర కూర్చున్నాను. హోటలంతా ఒక్కసారి తిరిగి చూసింది. ఎవరూ పట్టించుకోరని రాశానే, అది అక్కడి మాట. ఇక్కడ అందరూ పట్టించుకున్నారు. పార్సిల్ కోసం నిలబడ్డ ఒకాయన నన్ను చూసి, ఫోను తీసుకుని బయటికెళ్లాడు. మిల్లులో పొద్దుటి షిఫ్టు మనిషి, మా ఆయనకు తెలిసినవాడే, ఒకసారి మా ఇంటికి కూడా వచ్చాడు.

పులుసు వచ్చింది. బొచ్చెచేప ముక్కలు, పైన తేలిన నూనె, చింతపండు ఘాటు. మొదటి ముద్ద నోట్లో పెట్టానో లేదో ఫోను మోగింది.

"ఎక్కడున్నవ్?"

"హోటల్ల. తింటున్న."

"ఎవలతోటి?"

"ఎవల్లేరు. ఒక్కదాన్నే."

అటునుంచి మిల్లు యంత్రాల హోరు. దాని మధ్య, "వీడియో చెయ్" అన్నాడు.

చేశాను. నా మొహం చూశాడు. "ఎదురుంగ చూపియ్" అన్నాడు. ఫోను తిప్పి ఎదుటి కుర్చీ చూపించాను. ఖాళీ కుర్చీ. రెక్సిన్ చిరిగి స్పాంజి బయటికొచ్చింది, దానికేసి ఫోను పట్టుకుని కూర్చున్నాను. పక్క బల్లవాళ్లు తినడం ఆపారు. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. నా బతుకులో అంత సిగ్గుపడిన క్షణం ఇంకోటి లేదు. ఏ తప్పూ చేయకుండా పడిన సిగ్గు అది.

"సరే. జల్దీ ఇంటికి పో. వచ్చినంక మాట్లాడుదం" అని పెట్టేశాడు.

లేచి పోవాల్సింది. పోలేదు. కోపంతో తిన్నాను. ఒక్క మెతుకు మిగల్చకుండా, ముళ్లు ఏరి పళ్లెం అంచున వరసగా పెట్టి తిన్నాను. కిటికీలోంచి బయటికి చూశాను. భక్తుల బస్సులు దిగుతున్నాయి, తడి తలల పిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్లు పోతున్నారు, కొబ్బరి బొండాలవాడు బండి సర్దుకుంటున్నాడు. రుచి తెలిసిందా అంటే తెలిసింది. చాలా బాగుంది. ఆ సంగతి కూడా చెప్పాలి.

ఆటో నిండేసరికి ఇంకాస్త పొద్దుపోయింది. మా వీధిలో దిగేసరికి గేటుకు తాళం. తట్టాను. అత్తమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకునే వచ్చింది. స్పీకర్ ఆన్‌లో ఉంది, మా ఆయన గొంతు వీధిలోకి వినిపిస్తోంది. "...ఒక్కతే హోటల్ల కూసున్నదంట అమ్మా. నలుగురు చూసిండ్రు. రేపటి సంది ఆ కంప్యూటరు గింప్యూటరు బంద్ చేస్త. గందుకేనా నేను..."

అత్తమ్మ నన్ను చూసింది. నేను గేటుకు ఇవతల, ఛార్జర్ కవరు పట్టుకుని నిలబడ్డాను. అయిపోయిందనుకున్నాను. రేకుల గది, టిక్కుటిక్కులు, పడవ, అన్నీ అయిపోయాయి.

"నేనే పంపిన" అంది అత్తమ్మ.

"ఏంది?"

"నేనే తినిరమ్మన్న. పొద్దుటి సంది ఏం తినలే పిల్ల. ఆలిస్యమైతే అక్కడ్నే తినిరా అన్న. దానికేందిరా లొల్లి? పని చేస్కో." ఫోను కట్ చేసింది.

మధ్యాహ్నం నాకు కడుపు నిండా అన్నం పెట్టింది ఆమే. ఎన్నడూ అబద్ధమాడని మనిషి, ప్రార్థన చేయకుండా మంచినీళ్లయినా ముట్టదు. నా కోసం ఆడిందా, మార్సెయ్ ఆగిపోతుందని ఆడిందా, నాకు ఇప్పటికీ తెలియదు. తాళం తీసింది. నేను లోపలికి రాగానే గొంతు తగ్గించి అడిగింది.

"కిటికి కాడనే కూసున్నవా?"

"అవ్ అత్తమ్మా."

"ఏం తిన్నవ్?"

"చేపల పులుసు."

"ముక్కలు, పులుసు ఒక్కటే గిన్నెల తెచ్చిండ్రా?"

"ఒక్కటే గిన్నె."

"గదీ!" అని గేటుకు మళ్లీ తాళం వేసింది.

ఆ రాత్రి మా ఆయన ఏమీ అనలేదు. అమ్మ పంపిందంటే ఇక అనడానికేముంది? ఉద్యోగం నిలిచింది. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ పడుకున్నాక తెలిసింది. నేను ఒక్కదాన్నే, నాకోసమని చేసిన ఒకే ఒక్క పని కూడా ఒకరు పంపితే చేసినదైపోయింది. ఇంకోసారి వెళ్లాలంటే ఎవరో ఒకరు పంపాలి.

మర్నాడు పని మొదలుపెట్టేసరికి చలిదేశం ఆమె నుంచి చివరి మాట వచ్చి ఉంది. ఊరు వదిలి వెళ్తున్నానని, రోజూ రాత్రి ఆ కిటికీ దగ్గరే తిన్నానని రాసింది. చీకటి పడుతుండగా, ఆ రోజు గేటుకు ఇంకా తాళం వేయకుండానే, అత్తమ్మ టీ తెచ్చింది.

"ఆమె ఇంక ఆ ఊళ్లెనే ఉన్నదా?"

"లేదు. పోయింది."

"ఎట్ల పోయింది?"

"రైలెక్కింది. ఇంకో ఊరికట. అక్కడ్నుంచి ఇంకోటట."

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

అత్తమ్మ గ్లాసు పట్టుకుని కాసేపు డాబా మీంచి వంతెన వైపు చూసింది. అవతల భద్రాచలంలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆ పులుసు హోటల్ ఎక్కడుందని అడిగింది. వేలు పెట్టి చూపించాను. నేను చూపించిన వైపే చూస్తూ నడుముకున్న తాళంచెవిని తడుముకుంది. ఏదో అంటుందనుకుని ఎదురుచూశాను.

"చీకటైతున్నది" అంది. "గేటుకు తాళమేసొస్త."